లారీ రసీదు ఎవరి పేరున?

వేసవి వచ్చిందంటే నాకు ఫోన్లు పెరుగుతాయి. బ్యాంకు ఉద్యోగులకు, రైల్వే వాళ్లకు, కేంద్ర సంస్థల్లో పనిచేసేవారికి బదిలీలు వచ్చే కాలం అది. గురుగ్రామ్‌లోనో పుణెలోనో స్థిరపడిన కొడుకు ‘అక్కడ కారు ఊరికే పడి ఉంది కదా నాన్నా, ఇక్కడికి పంపించేయండి’ అంటే సరేనన్న తల్లిదండ్రులూ అప్పుడే కదులుతారు. అందరూ అడిగేది ఒకటే: ‘తిరుపతి నుంచి కారు పంపాలంటే ఏ కంపెనీ మంచిది?’ దెబ్బతిన్న వాహనాలకు బీమా సంస్థల తరఫున నష్టం అంచనా కట్టే సర్వేయర్ని కాబట్టి, నా దగ్గర మంచి కంపెనీల జాబితా ఏదో దాచిపెట్టి ఉంటుందని వాళ్ల నమ్మకం. అలాంటి జాబితా ఏదీ లేదు. ఉన్నా దానితో కారుకు ఒరిగేదేమీ లేదని నా వాదన. ఎందుకంటే మీరు ఫోనులో మాట్లాడే కంపెనీ, మీ కారును మోసే బండి, దెబ్బ తగిలితే జవాబు చెప్పే మనిషి, ఈ మూడూ సాధారణంగా ఒకటి కావు.

అనుమానం ఉంటే ఏదో ఒక జాబితా సైటులో మీ నంబరు ఇచ్చి చూడండి. టీ చల్లారేలోపు కాల్స్ మొదలవుతాయి. ఒకరిది ప్యాకర్స్, ఇంకొకరిది లాజిస్టిక్స్, మరొకరిది కార్గో. అందరికీ ‘సొంత కంటైనర్లే’, అందరికీ ‘దేశమంతా బ్రాంచీలే’. ఒకే గొంతు అరగంట తేడాతో రెండు కంపెనీల పేర్లతో మాట్లాడటం నేను స్వయంగా విన్నాను. రెండోసారి వెయ్యి తగ్గించాడు. తనతో తానే పోటీ పడుతున్నాడు పాపం. మీ నంబరు ఆ సైటు అమ్ముకునే సరుకు. కొనుక్కున్నవారిలో చాలామందికి లారీ ఉండదు, డ్రైవరు ఉండడు, గోడౌను ఉండదు. ఒక ఫోను, ఒక వెబ్‌సైటు, ఒక రబ్బరు స్టాంపు ఉంటాయి. మీ దగ్గర బుకింగ్ తీసుకుని చెన్నైలోనో బెంగళూరులోనో మరొకరికి అప్పగిస్తారు. ఆ మరొకరు ట్రైలరు యజమానికి అప్పగిస్తారు. మీరు చూసి మురిసిన అయిదు నక్షత్రాలు వీరిలో ఎవరికి వచ్చినవో కనుక్కోవడం అసాధ్యం.

దళారీ ఉండటం నేరమేమీ కాదు. మన దేశంలో లారీ వ్యాపారం చాలావరకు బ్రోకర్ల మీదే నడుస్తుంది. మీ ఒక్క కారు కోసం తిరుపతిలో ఆఫీసు తెరిచే తీరిక ట్రైలరు యజమానికి ఉండదు కూడా. నా గొడవ దళారీతో కాదు. డబ్బు తీసుకునేటప్పుడు యజమానిలా మాట్లాడి, కారుకు గీత పడగానే ‘మేం మధ్యవర్తులం మాత్రమే సార్’ అంటూ చేతులు దులుపుకునేవాడితో. వాడిని ముందే పట్టుకోవడానికి ఒక ప్రశ్న చాలు: లారీ రసీదు ఎవరి పేరున ఇస్తారు?

ఈ ప్రశ్నకు ఇంత బరువు ఎందుకో తెలియాలంటే మన ఊరి నుంచి కారు నిజంగా ఎలా బయలుదేరుతుందో చూడాలి. శ్రీపెరంబుదూరు దగ్గర హ్యుందాయ్, ఒరగడంలో రెనో, ఇటు శ్రీసిటీలో ఇసుజు, పెనుకొండలో కియా ఉన్నాయి. అటు ఉత్తరాన గురుగ్రామ్, మానేసర్‌లలో మారుతి ఉంది. కార్లను మోసే ట్రైలర్ల రాకపోకలు ప్రధానంగా ఈ కర్మాగారాల కోసమే. ఉత్తరాది నుంచి కొత్త కార్లు తెచ్చి ఇక్కడ దించిన ట్రైలరు ఖాళీగా వెనక్కి వెళ్లడం దండగ కాబట్టి, మనలాంటివారి పాత కార్లను ఎక్కించుకుంటుంది. మీకు దొరికే రేటుకు అసలు మూలం ఆ తిరుగు ప్రయాణమే. ఆ బండ్లు ఆగేది చెన్నై, బెంగళూరు శివార్లలో. ఏడెనిమిది కార్లు పట్టే ట్రైలరు కొర్లగుంట సందుల్లోకి, బైరాగిపట్టెడ వీధుల్లోకి రమ్మన్నా రాలేదు.

కాబట్టి ‘ఇంటి నుంచి ఇంటికి’ అన్న హామీకి తిరుపతిలో అర్థం వేరు. ఒక డ్రైవరు బస్సు దిగి మీ ఇంటికి వస్తాడు. తాళాలు తీసుకుంటాడు. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా సుమారు 140 కిలోమీటర్లు నడుపుకుంటూ చెన్నై చేరుస్తాడు. లేదంటే చిత్తూరు దాటి, మొగిలి ఘాటు ఎక్కి, పలమనేరు మీదుగా సుమారు 250 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరు తీసుకెళ్తాడు. అక్కడ కారు ట్రైలరెక్కుతుంది. అప్పటిదాకా అది సరుకు కాదు, రోడ్డు మీద నడుస్తున్న వాహనమే. నడుపుతున్నది మీరెన్నడూ చూడని మనిషి. ఆ దూరానికి బాధ్యత ఎవరిదని అడిగితే నూటికి తొంభైమంది నీళ్లు నములుతారు.

మా వీధిలో ఒక రిటైర్డ్ లెక్చరర్ ఉన్నారు. అందరం మాస్టారనే అంటాం. కిందటేడు గురుగ్రామ్‌లో ఉన్న కొడుకుకు కారు పంపారు. ఏ కంపెనీతో పంపారో పేరు అనవసరం. డ్రైవరు మర్యాదస్తుడే. ‘కంగారుపడకండమ్మా, మీ కారు నా కారు అనుకోండి’ అని మాస్టారి భార్యకు ధైర్యం చెప్పి మరీ బయలుదేరాడు. ఆ మాటను అక్షరాలా పాటించాడని తర్వాత తేలింది. చెన్నైకి వెళ్లే కారు వడమాలపేట దగ్గర ఎస్‌వీ పురం టోల్‌గేటు దాటాలి. మాస్టారి ఫోనుకు మొదటి ఫాస్టాగ్ సందేశం కర్నూలు వైపు నుంచి వచ్చింది. తర్వాత హైదరాబాదు అవతలి నుంచి, ఆ తర్వాత నాగపూర్ దగ్గర నుంచి. ఆయన కంపెనీకి ఫోను చేస్తే ‘ఓపెన్ ట్రైలరు కదా మాస్టారూ, పైన ఉన్న మీ కారు ట్యాగును కూడా స్కానరు చదివేస్తుంది’ అన్నారు. నిజమే కాబోలనుకున్నారు. ట్యాగులో డబ్బు అయిపోతే మళ్లీ నింపారు కూడా.

కారు గురుగ్రామ్ చేరాక కొడుకు కిలోమీటర్ల రీడింగు చూశాడు. తిరుపతిలో తీసిన ఫోటోకు, అక్కడి అంకెకు మధ్య రెండు వేలకు పైగా తేడా. అంటే ట్రైలరు అన్నదే లేదు. 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని మనవాడు నేరుగా నడుపుకుంటూ పోయాడు. వెనక సీటు కింద చిన్నపిల్లల చెప్పు ఒకటి దొరికింది. ఎర్రటిది, పట్టీ తెగింది. మాస్టారి ఇంట్లో ఆ వయసు పిల్లలు లేరు. దారిలో ఏ కుటుంబాన్ని ఎక్కించుకున్నాడో, ఎంత తీసుకున్నాడో ఆ డ్రైవరుకే తెలియాలి.

కంపెనీ వాళ్లను నిలదీస్తే ‘మేం బుకింగ్ మాత్రమే చేస్తాం, వెండరుతో మాట్లాడుకోండి’ అన్నారు. వెండరు నంబరు పనిచేయలేదు. మాస్టారు తన దగ్గరున్న కాగితాన్ని నాకు చూపించారు. రంగురంగుల లోగో, కింద స్టాంపు, ‘థాంక్యూ’ అన్న ముద్ర. పైన పేరు కొటేషన్. లారీ నంబరు లేదు, కన్‌సైన్‌మెంటు నంబరు లేదు, కారు విలువ లేదు, దాన్ని ఏ స్థితిలో తీసుకున్నారో లేదు. అది రేటు చెప్పే చీటీ. కారు మా చేతికి వచ్చింది అని ఒప్పుకునే కాగితం కాదు.

ఆ రెండో రకం కాగితాన్నే వ్యాపారంలో లారీ రసీదు అంటారు. ఎల్‌ఆర్ అనీ, ఉత్తరాదిలో బిల్టీ అనీ వింటారు. ఇది మొహమాటానికి ఇచ్చేది కాదు. 1865 నాటి పాత రవాణాదారుల చట్టాన్ని తీసేసి దేశం 2007లో రోడ్డు రవాణాకు కొత్త చట్టం చేసుకుంది. అది 2011 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం అందరి సరుకూ కిరాయికి మోసే రవాణాదారు రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, సరుకు తీసుకున్నందుకు రసీదు ఇవ్వాలి. మనకు పనికొచ్చే అసలు సంగతి నిర్వచనంలో ఉంది. రవాణాదారు అంటే లారీ ఉన్నవాడే కాదు. రసీదు మీద సరుకు సేకరించి పంపే బుకింగ్ కంపెనీ, కాంట్రాక్టరు, ఏజెంటు, బ్రోకరు అందరూ ఆ మాటలోకే వస్తారు. ‘మేం మధ్యవర్తులం’ అనేది తప్పించుకునే దారి కాదన్నమాట. కానీ ఆ మధ్యవర్తిని అందులోకి లాగేది తన పేరున ఇచ్చిన రసీదే. అది చేతిలో ఉంటే కారుకు నష్టం జరిగినప్పుడు రవాణాదారు నిర్లక్ష్యాన్ని మీరు రుజువు చేయనక్కర్లేదని కూడా అదే చట్టం చెబుతోంది. లేకపోతే ముందుగా ఆయన మీ కారు తీసుకున్నాడని రుజువు చేయడానికే మీ ఓపిక అయిపోతుంది.

రసీదు దొరికిందని సంతోషపడే ముందు ఒక మెలిక ఉంది. సరుకు పోయినా చెడినా రవాణాదారు చెల్లించాల్సిన పరిహారానికి నియమాల్లో ఒక హద్దు పెట్టారు: కిరాయికి పది రెట్లు. మీ కిరాయి 18,000 రూపాయలైతే హద్దు 1,80,000. కారు విలువ 8,00,000 అయితే మిగతా 6,20,000 మీ నెత్తిన పడుతుంది. దీన్ని దాటాలంటే బుకింగ్ సమయంలోనే అసలు విలువ ప్రకటించి, ఎక్కువ రిస్కుకు ఎక్కువ రేటు కడతానని రాసి ఇవ్వాలి. చాలా రసీదుల మీద ‘ఓనర్స్ రిస్క్’ అని ముందే అచ్చు వేసి ఉంచుతారు. చిన్న అక్షరాలే, కానీ చదవకుండా సంతకం పెట్టకండి. కొట్టేయమని అడగండి. కొట్టేయనంటే అప్పుడు ఎవరితో వ్యవహరిస్తున్నారో మీకే తెలుస్తుంది.

ఇక బీమా. నా వృత్తి ఇదే కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను, ఓపిక పట్టండి. బుకింగ్ సమయంలో ‘ట్రాన్సిట్ ఇన్సూరెన్స్’ అంటూ కారు విలువలో రెండు మూడు శాతం అడగడం మామూలు. 8,00,000 విలువైన కారుకు మూడు శాతమంటే 24,000, కిరాయి కన్నా ఎక్కువ. ఇచ్చాక పాలసీ ఏదని అడగండి. తరచుగా వచ్చే జవాబు: ‘బిల్లులో రాశాం కదా సార్.’ బిల్లులో ఒక వరుస బీమా కాదు. బీమా ఇచ్చేది బీమా సంస్థ; దానికి పాలసీ నంబరు ఉంటుంది, అందులో మీ పేరు, కారు నంబరు, విలువ, బయలుదేరే ఊరు, చేరే ఊరు ఉంటాయి. అవి లేని శాతాలన్నీ కిరాయి మీద వేసిన అదనపు వడ్డన.

చాలామందికి తెలియని విషయం ఇంకొకటి. మీ కారుకు ఇప్పటికే ఉన్న సమగ్ర పాలసీని తీసి మొదటి భాగం చదవండి. అగ్ని, దొంగతనం, వరద, అల్లర్ల తర్వాత, వాహనాన్ని రోడ్డు, రైలు, దేశీయ జలమార్గం, లిఫ్టు, ఎలివేటరు లేదా విమానం ద్వారా తరలించేటప్పుడు జరిగే నష్టం కూడా అందులో పేర్కొని ఉంటుంది. అంటే ట్రైలరు బోల్తా పడితే మీ సొంత పాలసీయే పలుకుతుంది. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉన్నవారికి ఇది వర్తించదు. వారు పంపే ముందు నిజంగానే ఆలోచించుకోవాలి.

అయితే చిన్న దెబ్బలకు సొంత పాలసీని తట్టడం లాభసాటి కాదు. ట్రైలరు ర్యాంపు ఎక్కించేటప్పుడు ఎత్తు తక్కువ ఉన్న కార్లకు ముందు బంపరు గీసుకుపోవడం నేను ఎక్కువగా చూసే నష్టం. బంపరు ప్లాస్టిక్ కాబట్టి సాధారణ పాలసీలో తరుగుదల కింద సగం మీరే భరించాలి. దాని పైన ప్రతి క్లెయిములో మీరే భరించే తప్పనిసరి మినహాయింపు 1,500 సీసీ వరకు 1,000 రూపాయలు, ఆ పైన 2,000. అన్నిటికన్నా ఖరీదైనది నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. 20 శాతంతో మొదలై ఏళ్ల తరబడి పెరిగి 50 శాతానికి చేరే ఆ రాయితీ ఒక్క బంపరు క్లెయిముతో పోతుంది. కాబట్టి పెద్ద ప్రమాదానికి మీ పాలసీ, చిన్న గీతలకు రవాణాదారు రసీదు. రెండోది లేకపోతే చిన్న గీతలన్నీ మీ జేబులోంచే.

మాస్టారి కారు విషయంలో నాకు నిజంగా భయం వేసింది ఆ ఎర్ర చెప్పు చూశాకే. సొంత కారు పాలసీ కిరాయికి మనుషులను ఎక్కించుకునే వాడకాన్ని ఒప్పుకోదు. ఆ రెండు వేల కిలోమీటర్లలో ఎక్కడైనా ప్రమాదం జరిగి, బండిలో డబ్బిచ్చి ఎక్కిన ప్రయాణికులున్నారని తేలితే క్లెయిము గట్టెక్కడం కష్టం. పైగా రోడ్డు మీద ఇంకొకరికి దెబ్బ తగిలితే కేసు కారు యజమానిగా మాస్టారి గడప తొక్కేది.

సరే, రసీదు ఇస్తామన్నారు. ఆ ఇచ్చేవాడు అసలు ఉన్నాడా? ఇక్కడ నక్షత్రాల కన్నా జీఎస్‌టీ నంబరు ఎక్కువ మాట్లాడుతుంది. పదిహేను అక్షరాంకెల్లో మొదటి రెండూ రాష్ట్రం: మనకు 37, తెలంగాణకు 36, తమిళనాడుకు 33, కర్ణాటకకు 29, హర్యానాకు 06. తర్వాతి పది పాన్ నంబరు. అందులో నాలుగో అక్షరం, అంటే మొత్తం మీద ఆరోది, ఆ పాన్ ఎవరిదో చెబుతుంది. ‘సీ’ అయితే కంపెనీ, ‘ఎఫ్’ అయితే భాగస్వామ్య సంస్థ, ‘పీ’ అయితే ఒక వ్యక్తి. బోర్డు మీద ప్రైవేట్ లిమిటెడ్ అని ఉండి ఆరో అక్షరం ‘పీ’ అయితే మీతో మాట్లాడుతున్నది ఒక మనిషి, అంతే. మనిషి అయినంత మాత్రాన మోసగాడని కాదు. ఆ పేరు చెప్పుకోవడం మాత్రం అబద్ధం. ఆ నంబరును జీఎస్‌టీ పోర్టల్‌లో కొడితే అసలు పేరు, ఊరు, అది ఇంకా చెల్లుతోందో లేదో ఉచితంగా తెలుస్తుంది. డబ్బు పంపేటప్పుడు యూపీఐలో కనిపించే పేరు దానితో కలుస్తోందా చూడండి. ‘మా అకౌంటెంటు నంబరు సార్, దానికి వేయండి’ అన్నారంటే అక్కడే ఆగండి. లారీ నంబరు ఇచ్చాక రవాణా శాఖ వారి పరివాహన్ సైటులో చూస్తే ఆ బండికి ఫిట్‌నెస్, బీమా ఉన్నాయో లేదో కూడా రెండు నిమిషాల పని.

అప్పగించే రోజున మన తిరుపతి వాళ్లు చేసే పని ఒకటి నాకు ముచ్చటగానూ ఉంటుంది, చిరాకుగానూ ఉంటుంది. అలిపిరి దగ్గర కారుకు పూజ చేయించి, దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టిన ఫోటోలు ఫోను నిండా ఉంటాయి. కిలోమీటర్ల రీడింగు ఫోటో ఒక్కటీ ఉండదు. పూజ చేయించండి, నేనూ చేయిస్తాను. ఆ దండ తీసేశాక బంపరు నాలుగు మూలలు, అద్దాలు, పైకప్పు, డ్యాష్‌బోర్డు, స్టెప్నీ, జాకీ, బ్యాటరీ మీది నంబరు ఫోటోలు తీయండి. టైర్లను మరీ దగ్గర నుంచి తీయండి. టైరు పక్క గోడ మీద అచ్చులో నాలుగు అంకెలు ఉంటాయి. 3523 అంటే 2023లో 35వ వారంలో తయారైనదని. దారిలో టైరు మారిందని నోటితో చెప్తే ఎవరూ వినరు, ఆ నాలుగు అంకెలు చూపిస్తే కాదనలేరు. ఈ వివరాలన్నీ డ్రైవరు సంతకంతో కాగితం మీద ఉంటే మరీ మంచిది.

డిక్కీలో మాత్రం ఏమీ పెట్టకండి. ఎలాగూ కారు పోతోంది కదా అని కోడలికి ఆవకాయ జాడీ, ఇత్తడి బిందె, మిక్సీ సర్దే అమ్మలను ఆపడం నా వల్ల కాలేదు. రసీదులో లేని సామాను పోతే ఎవరినీ అడగలేరు. జాడీ పగిలితే పోయేది పచ్చడి ఒక్కటే కాదు, ఆ వాసన ఆ కారులో ఏళ్ల పాటు కాపురం ఉంటుంది.

రేటు సంగతి. అందరికన్నా బాగా తక్కువ చెప్పినవాడు దాన్ని తర్వాత రాబట్టుకుంటాడు. కారు చేతిలో పడ్డాక లోడింగు చార్జీలు, ఏదో రాష్ట్రం సరిహద్దు పన్ను, ఈ-వే బిల్లు (సరుకు తరలింపుకు జీఎస్‌టీ కింద తీసుకునే పత్రం) ఖర్చు అంటూ కొత్త లెక్కలు వస్తాయి. వాడిన సొంత వస్తువులకు ఈ-వే బిల్లు నుంచి నియమాల్లోనే మినహాయింపు ఉంది. అయినా ఆ పేరుతో అడుగుతారు. కారు వాళ్ల దగ్గర, కోపం మీ దగ్గర. అందుకే అడ్వాన్సు వీలైనంత తక్కువ, మిగతాది కారు దించి చూసుకున్నాక అని ముందే రాయించుకోండి. తేదీ విషయంలో నా పద్ధతి చాలామందికి వింతగా తోస్తుంది. ‘పలానా రోజు ఉదయం మీ ఇంటి ముందు ఉంటుంది’ అని ఢంకా బజాయించేవాడిని నేను నమ్మను. ట్రైలరు నిండితేనే కదులుతుంది. ‘లోడు పూర్తవడానికి ఇన్ని రోజులు పట్టవచ్చు, అప్పటిదాకా కారు ఫలానా యార్డులో ఉంటుంది’ అని చెప్పేవాడికి ఈ వ్యాపారం తెలుసు, నాకు నిజం చెబుతున్నాడు.

కంటైనరా, ఓపెన్ ట్రైలరా అన్నది ఆ తర్వాతి మాట. ఓపెన్‌లో పై వరుస కారుకు చెట్ల కొమ్మలు గీసుకుంటాయి, కింది వరుస కారు మీద పై కారు నూనె చుక్కలు పడవచ్చు. కొత్త కారు, ముదురు రంగు అయితే కంటైనరుకు ఎక్కువ పెట్టండి. పదేళ్ల నాటి కారుకు ఆ డబ్బు దండగ.

అసలు పంపాలా అన్నది వేరే లెక్క. హైదరాబాదు, బెంగళూరు, చెన్నై దాకా అయితే రవాణా గురించి ఆలోచించనే వద్దు, నడుపుకుంటూ వెళ్లండి. రైలులో ద్విచక్ర వాహనమైతే పెట్రోలు తీసేసి స్టేషన్‌లోని పార్శిల్ ఆఫీసులో ఇవ్వవచ్చు. కార్లనూ రైల్వే మోస్తుంది. పాత ప్రయాణికుల పెట్టెలను మార్చి చేసిన ప్రత్యేక వ్యాగన్లే ఉన్నాయి. అవి తయారీ సంస్థలు మొత్తం రైలునే బుక్ చేసుకునే వ్యవహారం, మన ఒక్క కారుకు చోటుండదు. మరో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడి రిజిస్ట్రేషన్ తప్పదు, దానికి ఇక్కడి ఆర్టీవో నుంచి నిరభ్యంతర పత్రం (ఎన్‌వోసీ), అప్పు ఉంటే బ్యాంకు సమ్మతి కావాలి. ఆ రాష్ట్రం పన్ను కూడా కలుపుకుంటే పాత కారును ఇక్కడే అమ్మి అక్కడ కొనుక్కోవడం చాలాసార్లు చవక. దేశమంతా చెల్లే బీహెచ్ సిరీస్ నంబరు ఉన్నవారికి ఈ తలనొప్పి లేదు.

నేను ఎక్కువగా సమర్థించే దారికి మాత్రం ఎవరూ ప్రకటన ఇవ్వరు. మీకు ఏళ్లుగా తెలిసిన డ్రైవరు ఒకరుంటే, ఆయన లైసెన్సు చూసి, పెట్రోలు, టోలు, భోజనం, బత్తా, తిరుగు రైలు టికెట్టు ఇచ్చి పంపండి. కారు అరుగుతుంది, నిజమే. మాస్టారి కారూ అంతే అరిగింది. పైగా దాన్ని నడిపింది ఎవరో తెలియదు, కిరాయి ట్రైలరుకు కట్టారు.

రవాణాకే ఇచ్చారనుకుందాం. అవతలి ఊళ్లో ట్రైలరు ఇంటి దాకా రాదు. ఊరి బయట హైవే పక్కన, చాలాసార్లు రాత్రివేళ దించుతారు. డ్రైవరుకు తొందర, మీకు నిద్ర. ‘మంచి స్థితిలో అందింది’ అన్న గీత మీద సంతకం అడుగుతాడు. దుమ్ము పట్టిన కారు మీద గీతలు కనిపించవు. ఒక సీసా నీళ్లు, పాత గుడ్డ దగ్గర పెట్టుకోండి. టార్చి వెలుగులో తుడిచి చూసి, పాత ఫోటోలతో పోల్చి, కనిపించింది కనిపించినట్టు రసీదు కాపీ మీద రాసి ఆపై సంతకం పెట్టండి. ‘ముందు కుడి బంపరు మీద జానెడు గీత, రీడింగు ఇంత’ అన్నంత సూటిగా ఉండాలి. రాయనివ్వకపోతే ఆ కాగితాన్ని ఫోటో తీసి, ఆ రాత్రే అదే మాట ఈమెయిల్ చేయండి.

రసీదు వెనక ‘వివాదాలు ఢిల్లీ కోర్టుల పరిధిలోనే’ అని అచ్చయి ఉంటే బెదిరిపోవద్దు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చు. తిరుపతిలోనూ వినియోగదారుల కమిషన్ ఉంది, చెల్లించిన మొత్తం 5,00,000 రూపాయల లోపు అయితే రుసుము కూడా లేదు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేసినా కొన్ని కంపెనీలు కదులుతాయి. దావా దాకా వెళ్లే ఉద్దేశం ఉంటే మాత్రం రవాణాదారుకు రాతపూర్వకంగా నోటీసు పంపాలి. దానికి 180 రోజుల గడువు. ఆ 180 రోజులు లెక్కపెట్టేది కారు చేరిన రోజు నుంచి కాదు, బుక్ చేసిన రోజు నుంచి. కారు యార్డులో పడి ఉన్న రోజులూ, ‘మేనేజరుతో మాట్లాడి సర్దుబాటు చేస్తాం సార్’ అంటూ గడిపే వారాలూ అందులోనే కరిగిపోతాయి. నోటీసు స్పీడ్ పోస్టులో ముందు పంపండి, సర్దుబాటు మాటలు ఆ తర్వాత వినవచ్చు.